మగపెళ్ళివారు లేని పెళ్ళి

మా గ్యాలరీలో ఏ సినిమా అయినా పాసవ్వాలంటే పరీక్ష ఒకటే: చూసేవాళ్ళ చేతిలో పని ఆగకూడదు. సూరత్‌లోని ఉధ్నాలో మధ్యాహ్నం వంటలూ అంట్లూ అయ్యాక మా అంతస్తు ఆడవాళ్ళంతా గదుల ముందున్న ఈ గ్యాలరీలో చీరల మూటలు ముందేసుకుని కూర్చుంటారు. ఒకరు అంచుకు లేసు కుడతారు, ఒకరు స్టోన్లు అతికిస్తారు, ఇంకొకరు ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరిస్తారు. కూలి చీర లెక్కన. కళ్ళార్పకుండా చూడాల్సిన సినిమా పెడితే ఆ పూట నష్టమే. గుండెలు పిండే సినిమా అయితే ఇంకా నష్టం. కళ్ళల్లో నీళ్ళు నిండితే స్టోను వంకర అతుకుతుంది, వంకర చీర వెనక్కొస్తుంది. కాస్త నవ్వూ, కాస్త పాటా, ఒక పెళ్ళీ ఉండి, చివరిదాకా ఎవరూ చావని సినిమా అయితే సాయంత్రానికి మూటలు ఖాళీ. నేను తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నాకు మూట లేదు. అందుకని సినిమా ఎంచడం, ఇంగ్లీషుదైతే వెంటవెంటనే కథ విప్పి చెప్పడం నా డ్యూటీ.

ఈ పరీక్షలో డిస్టింక్షన్ కొట్టిన రకం ఏదో చెబితే మా సిరిసిల్ల చుట్టాలకు పొలమారుతుంది. ఇద్దరాడపిల్లలు ఒకరినొకరు ప్రేమించుకునే తేలికపాటి హాస్య సినిమా.

సూరత్‌లో తెలుగువాళ్ళేమిటి అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక రెండు ముక్కలు. మేం సాంచాల వెంట వచ్చినవాళ్ళం. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ దిక్కు పద్మశాలి కుటుంబాలు మరమగ్గం చప్పుడు వెతుక్కుంటూ వచ్చి ఉధ్నా, లింబాయత్‌లలో స్థిరపడ్డాయి. కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. మా భాషలో క్రియలు కరీంనగర్‌వి, కూరగాయలు గుజరాతీవి, తిట్లు హిందీవి. ఒక పక్క గదిలో ఒడియావాళ్ళు, కింది అంతస్తులో మరాఠీ కాకి, అంటే పిన్ని. అందరికీ అర్థం కావాలి కాబట్టి గ్యాలరీ అధికార భాష హిందీ.

ఇద్దరాడవాళ్ళ ప్రేమకథ మా ఊరికి కొత్త కాదు. మొదటిసారి వచ్చినప్పుడు కర్రలతో ఎదురుకోలు జరిగింది. దీపా మెహతా ‘ఫైర్’ 1996 నాటి సినిమా; మన దేశంలో హాళ్ళకు వచ్చింది 1998 నవంబరులో. డిసెంబరు మొదట్లోనే ముంబైలో, ఢిల్లీలో హాళ్ళ మీద దాడులు జరిగాయి. సూరత్‌లో రాజ్‌ప్యాలెస్, రాజ్‌మహల్ హాళ్ళలోకి బజరంగ్ దళ్ కార్యకర్తలు కర్రలతో చొరబడి, దొరికింది దొరికినట్టు పగలగొట్టి, జనాన్ని తరిమేశారు. ఆట ఆగిపోయింది. సెన్సారు బోర్డు దాన్ని మళ్ళీ చూసి 1999 ఫిబ్రవరిలో కోత లేకుండానే వదిలింది. అందులో షబానా ఆజ్మీ, నందితా దాస్ ఒకే ఇంటి తోడికోడళ్ళు. మొగుళ్ళ నిర్లక్ష్యంతో విసిగి ఒకరికొకరు దగ్గరవుతారు. ఈ కథ చెబితే మా పక్క గది వదినె దారం కొరుకుతూ అంతా విని, “నమ్మేటట్టు లేదు వదినె” అంది.

“ఇద్దరాడవాళ్ళు ప్రేమించుకోవడమా?”

“అది కాదు. తోడికోడండ్లు ఒక్క వంటింట్ల అంత సఖ్యంగ ఉండుడేంది?”

‘ఫైర్’ ధైర్యమున్న సినిమా, అందులో సందేహం లేదు. కానీ చాలాకాలం తెర మీద ఇలాంటి ఆడపిల్లల వాటాకు వచ్చింది మంటలూ మాత్రలూ రైలు పట్టాలే. ఏడుపు సినిమాలో చూసేవాళ్ళకు ఒక సుఖం ఉంది. “అయ్యో పాపం” అని ముక్కు చీది, మన మంచితనానికి మనమే మురిసిపోయి ఇంటికి పోవచ్చు. జాలిపడ్డవాళ్ళను భోజనానికి పిలవాల్సిన పనిలేదు. హాస్య సినిమా అలా వదలదు. నవ్విస్తూ నవ్విస్తూ మనల్ని ఒక పక్షంలోకి లాగేస్తుంది. ఆ ఇద్దరూ ఎప్పుడు ఒకటవుతారా అని ఆత్రం మనకే మొదలవుతుంది. వాళ్ళ కష్టానికి కన్నీళ్ళు పెట్టినవాళ్ళకంటే, వాళ్ళకు బస్సు తప్పిపోతుందేమోనని కంగారుపడ్డవాళ్ళే వాళ్ళకు దగ్గర చుట్టాలు.

మా గ్యాలరీని మొదట ముగ్గులోకి దించింది ‘ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా’. షెల్లీ చోప్రా ధర్ దర్శకురాలు. 2019 ఫిబ్రవరి 1న వచ్చింది. ఇలాంటి ప్రేమను నేరమనే 377వ సెక్షన్ కోరలు సుప్రీంకోర్టు పీకి అప్పటికి ఐదు నెలలు. పంజాబులో మోగా అనే ఊరు. పెళ్ళీడుకొచ్చిన స్వీటీగా సోనమ్ కపూర్, తండ్రిగా ఆమె కన్నతండ్రి అనిల్ కపూరే. స్వీటీ మనసు దోచిన కుహూ ఎవరనుకున్నారు? మన రెజీనా కసాండ్రా. 2014లో సాయి ధరమ్ తేజ్ ‘పిల్లా నువ్వు లేని జీవితం’ అన్నది ఈ పిల్ల కోసమే. ఐదేళ్ళు తిరిగేసరికి అదే మాట సోనమ్ కపూర్ అంటోంది. మన హీరోలకు పోటీ ఎటునుంచి వస్తుందో చెప్పలేం.

అనిల్ కపూర్‌కు అందులో బట్టల ఫ్యాక్టరీ. లోదుస్తులు కుట్టిస్తాడు. జీవితమంతా సాంచాల మేస్త్రీగా గడిపిన మా ఆయన వెనక నిలబడి కాసేపు చూసి అడిగింది ఒక్కటే: “జాబ్ వర్కా, సొంత మాలా?” సొంతమే అన్నాను. “అయితే పిల్లకు ఏం భయం” అని వెళ్ళిపోయారు.

ఆ తండ్రికి వంటంటే పిచ్చి. వాళ్ళమ్మేమో మగాడికి వంటింట్లో పనేమిటంటుంది. కూతురు ఒక రహస్యం దాస్తుంటే తండ్రి గరిటె దాస్తుంటాడు. మా గ్యాలరీకి కూతురి రహస్యం ఒక స్టోను అతికించేలోపు జీర్ణమైంది. మగాడు ఇష్టపడి వంట చేయడం మీద మాత్రం దీపాలు పెట్టేదాకా చర్చ. ఇలాంటివాళ్ళు నిజంగా ఉంటారా, ఉంటే ఎవరి తమ్ముడు, పెనం కడుగుతాడా, లేక వండి గొప్పలు పోయి కడుగుడు మనకు వదిలేస్తాడా? ఆయన భార్యను పోగొట్టుకున్నవాడని తెలిశాక కింది కాకి మెల్లగా అడిగింది, ఆయనకు సంబంధాలు చూస్తున్నారా అని.

ఈ కథకు ప్రేరణ పి.జి. వుడ్‌హౌస్ 1919లో రాసిన నవల ‘ఎ డామ్సెల్ ఇన్ డిస్ట్రెస్’. ఆయన చమత్కారం పంజాబు దాకా వచ్చేసరికి నెయ్యి తాగి కాస్త బరువెక్కింది. నాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. విశ్రాంతి దగ్గరపడేదాకా అసలు సంగతి బయటపెట్టరు. అందాకా రాజ్‌కుమార్ రావే పెళ్ళికొడుకని మనల్ని నమ్మిస్తారు. ప్రేమించిన ఇద్దరమ్మాయిలు తమ కథలోకి తామే ఆలస్యంగా రావాల్సి వచ్చింది.

మన తెలుగువాళ్ళకు ఈ రకం సినిమా ఎందుకింత సులువుగా ఒంటబడుతుందో ‘బధాయి దో’ చూశాక తెలిసింది. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. హర్షవర్ధన్ కులకర్ణి దర్శకుడు. ఒక పోలీసాయన, ఒక పీటీ టీచరమ్మ. ఆయనకు మగవాళ్ళంటే ఇష్టం, ఆమెకు ఆడవాళ్ళంటే. ఇంట్లోవాళ్ళ పోరు పడలేక ఇద్దరూ ఒప్పందం కుదుర్చుకుని ఒకరినొకరు పెళ్ళి చేసుకుంటారు. టీచరమ్మ ప్రియురాలు అదే ఇంటికి వచ్చి చేరుతుంది. చుట్టాలు ఊరుకుంటారా? విశేషం లేదా, విశేషం లేదా అని ఆరా. వదినె తల కూడా ఎత్తకుండా తేల్చేసింది: “గిది మిస్సమ్మనే గద!”

నిజమే. 1955లో ‘మిస్సమ్మ’లో ఎన్టీ రామారావు, సావిత్రి ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాలుగా నటించారు. 1991లో బాపు తీసిన ‘పెళ్ళి పుస్తకం’లో నిజం మొగుడూపెళ్ళాలు ఉద్యోగం కోసం పెళ్ళికానట్టు నటించారు. 2015లో ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’లో ఈ రెజీనాయే పుట్టింటికి ఉత్తుత్తి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తరతరాలుగా మనకు దొంగ కాపురమంటే ప్రాణం. ఎవరికి ఎవరు ఏమవుతారో ఇంట్లోవాళ్ళకు తప్ప హాల్లో అందరికీ తెలిసి ఉండటమే మన హాస్యం. అందుకే ‘బధాయి దో’ మాకు పాఠం చెప్పక్కర్లేకపోయింది. పాత పాఠమే, పాత్రలు మారాయి. ఆ మాటకొస్తే ‘భామనే సత్యభామనే’లో కమల్ హాసన్ చీర కట్టుకుంటే ముసలాయన మనసు పారేసుకోవడం చూసి ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాం. అప్పుడు సంస్కృతికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంగ్లీషువాళ్ళది ఇంకో పద్ధతి. ఓల్ పార్కర్ 2005లో తీసిన ‘ఇమాజిన్ మీ అండ్ యూ’ లండన్ కథ. పెళ్ళికూతురు రేచల్ చర్చిలో పెళ్ళికొడుకు వైపు నడుస్తూ ఓ చూపు పక్కకు వేస్తుంది. అక్కడ పెళ్ళికి పూలు అలంకరించిన లూస్. చూపూ కలుస్తుంది, పెళ్ళీ అవుతుంది, చిక్కూ మొదలవుతుంది. నేను ఇంతవరకు చెప్పేసరికి వదినె అడ్డుపడింది. మన పెళ్ళిలో అయితే ఇది జరగదట. పెళ్ళికూతురు తలెత్తకూడదు. ఎదురుగా అడ్డుతెర, నెత్తిన జీలకర్ర బెల్లం. ముహూర్తం తెల్లారుజామున పడితే కళ్ళే తెరుచుకోవు. తెరిచినా వీడియో తీసేవాళ్ళ లైటు తప్ప ఏమీ కనిపించదు. ఇన్ని ఏర్పాట్లు మన పెద్దలు ఊరికే చేయలేదని గ్యాలరీ ఏకగ్రీవంగా నిర్ధారించింది.

ఆ సినిమాలో మొగుడు హెక్ మంచివాడు. చిక్కంతా అదే. ‘ఫైర్’లో మొగుళ్ళు పనికిమాలినవాళ్ళు కనుక, పాపం ఆడవాళ్ళేం చేస్తారు అని మనకు మనమే సర్దిచెప్పుకోవచ్చు. హెక్‌ను తిట్టడానికి సందు దొరకదు. మగవాడి తప్పేమీ లేకపోయినా ఆడపిల్ల మనసు ఇంకో ఆడపిల్ల మీదికి పోతుందని, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తెలిసిపోతుంది. ఇంత పెద్ద సంగతిని నవ్వుల మధ్య జారవిడిచి పోవడం తేలిక సినిమాకే చేతనవును. మా గ్యాలరీ ఓట్లన్నీ హెక్‌కు పడ్డాయి; అయినా రేచల్ లూస్ దగ్గరకే పోవాలన్నారు. ఓటు ఒకరికి, దీవెన ఒకరికి.

చివర్లో లండన్ ట్రాఫిక్ జామ్‌లో రేచల్ కారు మీదికెక్కి లూస్ కోసం గొంతు చించుకుని అరుస్తుంది. సాయంత్రం పూట మా ఉధ్నా తీన్ రస్తాలో ఈ సీను తీస్తే ఎలా ఉంటుందో మేం పూర్తిగా రాసి పెట్టుకున్నాం. అమ్మాయి ఎక్కేది కారు కాదు, చీరల పార్సిళ్ళు నింపిన టెంపో. మొదట నాలుగు దిక్కుల హారన్లు. తర్వాత “ఎవరి మాలు మీద ఎక్కింది?” అని టెంపోవాలా కేక. ఆ తర్వాత సంగతేమిటో కనుక్కుని, వెనకున్న రిక్షావాలాలందరూ ఒకే గొంతుతో, “లూస్‌బెన్, హా కే నా, జల్దీ బోలో!” సూరత్‌లో సౌదా ఏదైనా నిలబడ్డచోటే తెగాలి.

ఆలిస్ వూ 2004లో తీసిన ‘సేవింగ్ ఫేస్’ అయితే అచ్చంగా మన వాడకట్టు కథే, కాకపోతే అందరూ న్యూయార్క్‌లో ఉండే చైనీయులు. కూతురు సర్జన్; ఒక నాట్యకత్తెను ప్రేమించి తల్లికి చెప్పలేక నలిగిపోతుంటుంది. ఇంతలో భర్త లేని ఆ తల్లే, 48 ఏళ్ళ వయసులో, గర్భవతై, పుట్టింటివాళ్ళు గెంటేస్తే కూతురి ఇంటికి మకాం మారుస్తుంది. ఇద్దరిలో ఎవరు ఎవరిని మందలించాలో తెలియదు. “బిడ్డ సంగతి తర్వాత సూద్దాం, ముందు తల్లిది తేల్చుండ్రి” అని వదినె తీర్పు. ఊరు వదిలి ఎంత దూరం పోయినా “నలుగురూ ఏమనుకుంటారు” అన్న నలుగురూ మన వెంటే టికెట్ లేకుండా వస్తారని ఉధ్నావాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

మరి తెలుగులో? ఉందండీ. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’లో ఈషా రెబ్బా తాను చేసుకోబోయే క్రిష్‌ను అమ్మానాన్నలకు ఒక హోటల్లో పరిచయం చేస్తానంటుంది. వచ్చిన క్రిష్ ఎవరంటే నిత్యా మీనన్. పూర్తి పేరు కృష్ణవేణి. హాయిగా నవ్వుకుంటూ స్టోన్లు అతికిస్తున్నాం. కథ తిరిగి తిరిగి చివరికి తేలిందేమిటంటే, ఆ జంటా మిగతా పాత్రలూ అందరూ కాజల్ అగర్వాల్ మనసులోని మనుషులట. తెలుగు తెర మీద ఒక ఆడజంట కుర్చీ లాక్కుని కూర్చునేసరికి అసలు ఆ హోటలే లేదన్నారు! 2022లో రాంగోపాల్ వర్మ ‘మా ఇష్టం’ తీశారు. పెద్ద మల్టీప్లెక్సులు వేయబోమన్నాయి. అది నేరాల కథ. వర్మగారి ఇష్టం ఆయనది. మా ఇష్టానికి అందులో పెళ్ళి భోజనాలు లేవు.

కథలకు కరువా అంటే, ఆశ్వయుజ మాసంలో మా వీధికి వచ్చి చూడండి. సాయంత్రం బతుకమ్మ, రాత్రి గర్బా. తొమ్మిది రోజులూ ఆడపిల్లలు ఒకరి జడలో ఒకరు పూలు తురుముకుని, ఒకే రంగు చనియా చోళీలు కుట్టించుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరుగుతారు. అబ్బాయి పక్కన ఒక్క క్షణం నిలబడ్డా మూడో అంతస్తు నుంచి ఫోన్ వస్తుంది. ఆడపిల్ల పక్కన అర్ధరాత్రి దాకా ఉన్నా ఏ తల్లీ ఏమిటని అడగదు. హాస్య సినిమా తీసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? ఇద్దరు ప్రేమికులు, ఊరంతా కాపలా, కాపలావాళ్ళందరి చూపూ తప్పు దిక్కున.

చట్టం సంగతి కూడా ఇంచుమించు హాస్య సినిమా నడకే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టువారు ప్రేమ నేరం కాదన్నారు. 2023 అక్టోబరు 17న పెళ్ళి మాత్రం హక్కు కాదు, అది పార్లమెంటు చూసుకోవాలన్నారు. ఆ కేసు పేరులో ఉన్న సుప్రియో, ఆయన సహచరుడు అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో ఉండేవాళ్ళే. 2021 డిసెంబరులో అక్కడే అయినవాళ్ళ మధ్య వేడుక చేసుకున్నారు. కాగితం రాకపోయినా విస్తళ్ళు లేచాయన్నమాట. తెలుగువాళ్ళ లెక్కలో భోజనాలు జరిగితే పెళ్ళి ముప్పావు వంతు అయినట్టే.

మాకు సినిమాలు వెతికిపెట్టి, ఫోన్ గోడకానించి నిలబెట్టే కాలేజీ పిల్ల ఒకతె ఉంది. మేం సినిమా చూస్తుంటే ఆ పిల్ల ఎక్కువగా మా మొహాలు చూస్తుంది. ఒకనాడు దారాలు కత్తిరిస్తూ అడిగింది: “టీచరమ్మా, ఇద్దరు ఆడపిల్లల పెండ్లి అయితె మగపెండ్లోళ్ళు ఎవరు?”

కత్తెర్లు ఆగిపోయాయి. తుపాకుల సినిమాకు ఆగలేదు, ఏడుపు సినిమాకు ఆగలేదు. ఆ ప్రశ్నకు ఆగాయి.

ఎదురుకోలు ఎవరు ఎవరికి చెయ్యాలి? విడిదిలో ఫ్యాను తిరగడం లేదని అలిగేదెవరు? టీ చల్లారిందని మొహం తిప్పుకునే మేనమామ ఎటువైపు నుంచి రావాలి? కట్నం రెండువైపులా ఇవ్వడానికే సిద్ధపడి ఉంటారు కనుక చెల్లుకు చెల్లు. రెండు పక్షాలూ చేతులు కట్టుకుని, “ఏమన్న తక్కువైతె మనసుల పెట్టుకోకుండ్రి” అని ఒకరి ముందు ఒకరు వంగుతారు. “ముందు మీరు కూసోండ్రి”, “అయ్యో, ముందు మీరు” అనుకునేసరికి పప్పుచారు చల్లారుతుంది. మండపం మొత్తంలో గొంతు పెంచేవాళ్ళే లేరు. అప్పగింతలప్పుడు ఎవరిని ఎవరికి అప్పగించాలో తెలియక ఇద్దరినీ కలిపి ఆటో ఎక్కించాలి.

వదినె సూది పక్కన పెట్టింది. “ముగ్గురు బిడ్డల పెండ్లిళ్ళు చేసిన. ముగ్గురు మగపెండ్లోళ్ళ కాళ్ళు కడిగిన. ఇసొంటిదొకటి ఉన్నదని అప్పుడు ఒక్కరన్న చెప్పలే” అంది.

లోపలి నుంచి మా ఆయన లెక్క కట్టారు. “పెండ్లికూతుళ్ళు ఇద్దరు. పట్టుచీరలు రెండింతలు, పెట్టుబడి చీరలు రెండింతలు. ధందాకు మంచిదే.” రింగ్ రోడ్డు చీరల మార్కెట్‌కు ఇన్నాళ్ళూ ఈ సంగతి తట్టకపోవడమే ఆశ్చర్యం.

ఆ పూట సెక్షన్ల మాట ఎవరూ ఎత్తలేదు. మన సంప్రదాయం ఏమైపోవాలని ఎవరూ గుండె బాదుకోలేదు. వంటలు ఎవరికి చెప్పాలి, ఎండాకాలం వద్దు, నవజీవన్ రైలుకు రిజర్వేషన్ దొరుకుతుందా, సిరిసిల్ల నుంచి ఎవరెవరు వస్తారు, ఎవరిని పిలవకపోతే వస్తారు, ఇవే మాటలు. కాకి రెండు రకాల స్వీట్లు ఖరారు చేసింది. పిల్ల కత్తెర పట్టుకుని, అందరి మాటలూ వింటూ, కత్తిరించిన దారాలే మళ్ళీ కత్తిరిస్తోంది.

అన్నీ కుదిరాయి. వదినె సూదిలో దారం ఎక్కించుకుని ఆ పిల్ల వైపు తిరిగింది.

“అంత మంచిగనే ఉన్నది బిడ్డా. ఇగ ఒక్కటి చెప్పు. ఆ ఇద్దరి గోత్రాలు వేరే వేరేనా? ఒక్కటే గోత్రమైతె మాత్రం నేను ఒప్ప.”